మౌస్ లేని కంప్యూటరు

పొద్దున్న తొమ్మిదింటికి వచ్చిన మనిషి పది నిమిషాల్లో కంప్యూటరుకున్న మౌస్ పీకి భవానీదేవి చేతిలో పెట్టాడు.

"ఇది లోపల దాచేసుకోండి మేడంగారూ. మనకి దీంతో పనిలేదు."



కొత్తపేటలో ఆమె ఇరవై రెండేళ్ళు డీటీపీ సెంటరు నడిపింది. శుభలేఖలు, దస్తావేజులు, అర్జీలు ఎన్నో ఆమె చేతిమీదుగా వెళ్ళాయి. నిరుడు గ్లకోమా వచ్చి చూపు పోయింది. ఎదురుగా వెలుతురుందో లేదో తెలుస్తుంది, అంతే. సెంటరు మూసేసి కంప్యూటరు ఇంటికి తెచ్చుకుంది.

రాజమండ్రిలో నర్సుగా చేస్తున్న కూతురు అక్షయ ఎక్కడో వాకబు చేసింది. చూపులేనివాళ్ళ కోసం మాట్లాడే కంప్యూటర్లు తయారుచేసి పెట్టే సంస్థ ఒకటి అమలాపురంలో ఉందని తెలిసింది. వాళ్ళు పంపిన మనిషే ఈ దుర్గాసాయి.

భర్త బుల్లిరాజు తెల్లవారకుండానే ముమ్మిడివరం దగ్గర రొయ్యల చెరువుకి వెళితే, తిరిగి రావడం పొద్దుగూకాకే. పగలంతా ఇంట్లో ఆమె ఒక్కతే.

దుర్గాసాయి ముందు ఆమె పాత ఫైళ్ళన్నీ వేరే డిస్కులోకి ఎక్కించి భద్రం చేశాడు. తర్వాత విండోస్ తీసేసి లినక్స్ పెడుతున్నానన్నాడు. అదేమిటని అడిగింది.

"ఇది ఏ ఒక్కరి సొత్తూ కాదండి. మనకి ఎలా కావాలంటే అలా మార్చుకోవచ్చు."

గంట గడిచినా ఎదురుగా వెలుతురు తగల్లేదు. తెర వెలగలేదేమిటని అడిగింది.

"అక్కర్లేదండి. కరెంటు దండగ."

ఆ మనిషి తీరే ఆమెకి అర్థం కాలేదు.

అంతలో కంప్యూటరు మాట్లాడింది. రేకు డబ్బాలోంచి వచ్చినట్టున్న గొంతు. ఏది నొక్కితే అది చదివేస్తోంది. ఆమె చెయ్యి తీసేసినా ఆగకుండా ఏవేవో ఫైళ్ళ పేర్లు, అవి దాచిన గంటలు, నిమిషాలు గడగడా చెప్పుకుపోతోంది. భవానీదేవి బెదిరిపోయి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

రెండోరోజు అతను ఆ గొంతు వేగం సగానికి తగ్గించాడు. సెంటరులో ఆమె ఏ కీ మీద ఏ అక్షరం కొట్టేదో ఒక్కొక్కటే అడిగి, అదే వరసలో తెలుగు అమర్చాడు. అర్జీ నమూనాకి ఒక కీ, దస్తావేజుకి ఒక కీ పెట్టాడు.

అయినా ఆమెకి తికమకే. ఒకటి నొక్కితే ఇంకోటి తెరుచుకునేది. ఎవరో తనింట్లో సామానంతా అటూ ఇటూ జరిపేసినట్టనిపించేది.

"ఎక్కడున్నానో తెలియట్లేదండి" అంది.

"తెలియనప్పుడు ఈ మూల కీ నొక్కండి. ఎక్కడున్నారో అదే చెబుతుంది."

మూడోరోజు ఆమె కష్టపడి ఒక పేజీ కొట్టింది. ఉన్నట్టుండి గొంతు ఆగిపోయింది. కంగారులో దొరికిన కీ అల్లా నొక్కింది. మళ్ళీ మాట వచ్చేసరికి పేజీ ఖాళీ.

ఇంకోసారి కొడదామన్నాడు దుర్గాసాయి, ఏమీ జరగనట్టు.

ఆమెకి ఒళ్ళు మండింది.

"మీకేం, చూసి నొక్కుతారు. ఒక్కపూట కళ్ళు మూసుకుని చేసి చూడండి, నా బాధేంటో తెలుస్తుంది."



"ఆయ్, కష్టమేనండి" అన్నాడు నెమ్మదిగా.

కొట్టిన ప్రతి వాక్యం దానంతటదే భద్రమయ్యేలా ఆ పూటే సరిచేశాడు. గురువారం వచ్చి మిగతావి నేర్పుతానన్నాడు. ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయింది.

అతను వెళ్ళగానే కూతురికి ఫోను చేసింది. ఈ మనిషిని ఇంక పంపొద్దని ఆ సంస్థవాళ్ళకి చెప్పమంది. అక్షయ మెసేజి పెట్టింది.

గురువారం ఎవరూ రాలేదు. పై గురువారమూ రాలేదు. కంప్యూటరు మీద దుప్పటి కప్పేసింది.

నెల తిరక్కుండా పక్కవీధి లోవమ్మ వచ్చింది. ఆమె ఇంటిస్థలం పట్టా ఎవరి పేరునో పడిందట. సోమవారం అర్జీ ఇవ్వాలి. తనకి చూపు లేదనీ, వేరే సెంటరుకి వెళ్ళమనీ భవానీదేవి ఎంత చెప్పినా వినలేదు. "మా అత్తగారి అర్జీ మీరు కొడితేనే పనయ్యిందండి" అంటూ కూర్చుంది.

భవానీదేవి దుప్పటి తీసింది.

రెండుసార్లు దారి తప్పింది. మూల కీ నొక్కింది. "అర్జీ, రెండో పేరా" అంది గొంతు. వేళ్ళకి పాత వరస అందింది. ఆ తర్వాత ఆమె ఆగలేదు. మధ్యలో కరెంటు పోయింది.  వచ్చాక తెరిచి వింటే చివరి వాక్యం దాకా ఉంది.

గొంతు అర్జీ మొత్తం చదివి వినిపించింది.

"అచ్చం నేను చెప్పినట్టే ఉందండి" అంది లోవమ్మ.

భవానీదేవి ఇంకోసారి చదివించుకుంది. ప్రింటు తీసి లోవమ్మని పంపేశాక చాలాసేపు ఆ కీబోర్డు మీద చేతులుంచి కూర్చుంది.

మర్నాడు సంస్థకి తనే ఫోను చేసింది. ప్రశాంతి అనే అమ్మాయి ఎత్తింది. దుర్గాసాయిని ఒక్కసారి పంపమని అడిగింది భవానీదేవి. ఆయన ఇక్కడ మానేశారనీ, విజయనగరం దగ్గర ఏదో బడిలో కంప్యూటరు చెప్పడానికి వెళ్ళిపోయారనీ, ఇంక రారనీ చెప్పింది ప్రశాంతి.

"అడ్రసైనా ఇవ్వమ్మా. ఆ రోజు నోరు జారేను. నా చేత్తో కొట్టిన ఉత్తరం పంపుతాను, తీరిగ్గా చదువుకుంటారు."

"చదవరండి, వింటారు" అంది ప్రశాంతి. "పుట్టినప్పటి నుంచీ ఆయనకి చూపు లేదు కదండీ."