రోజూ చూసే మామ్మ

“అక్కా, మామ్మ పడిపోయింది!”

అక్క కుట్టుమిషను ఆపి చెల్లెలి ఫోనులోకి చూసింది. పాస్‌వర్డ్ పెట్టని కెమెరాల్లోంచి ఎవరెవరి ఇళ్లో చూపించే సైటది. పదిరోజుల కిందట చెల్లెలి కంటబడింది. ఏ ఊరో తెలియని ఒక ముసలావిడ పిల్లితో పోట్లాడుతుంటే చూసి పడీపడీ నవ్వి, లింకు చుట్టాల గ్రూపులోనూ పెట్టింది.

ఇప్పుడావిడ బోర్లాపడ్డ స్టూలు పక్కన మూలుగుతోంది.

“మైకు బొమ్మ ఉందే, నొక్కు! మన మాట ఆవిడకి వినబడుతుందేమో!” అక్క తెరమీద వేలుపెట్టి చూపించింది.

చెల్లెలు నొక్కి అరిచింది. “భయపడకు మామ్మా! నిన్ను రోజూ చూస్తూనే ఉంటాం!”

మూలుగు ఆగిపోయింది. ముసలావిడ ఖాళీ గది నలుమూలలా చూసింది.

అంతలో ఆ గదిలో బాబాయి గొంతు మోగింది. గ్రూపులోవాళ్లూ చూస్తున్నారన్నమాట. “ఒక్కదానివే ఉంటావని మాకు తెలుసు మామ్మా! ఇల్లెక్కడో చెప్పు, మనుషుల్ని పంపిస్తాం!”

ఆవిడ దెబ్బతగిలిన కాలు ఈడ్చుకుంటూ మంచం కిందికి పాకింది.

“అయ్యో, కదలకూడదు! ఎందుకక్కా అలా దాక్కుంటోంది?”

అక్క ఫోను లాక్కుని మైకు ఆపేసింది.

మంచం కిందనుంచి జోడించిన రెండు చేతులు మాత్రం బయటికొచ్చాయి.

“మీకు పుణ్యముంటుంది బాబూ, ఎవర్నీ పంపకండి.”