ఐదు సెకన్ల క్షమ

"ఆ మాట నేను అనను," అంటూ ఆమె చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసి స్టాండుకి తగిలించింది.

అద్దానికి అవతల కూర్చున్న డైరెక్టరు నవ్వాడు. ముప్పై ఏళ్లుగా తెర మీది తల్లులందరికీ గొంతు అరువిస్తున్న డబ్బింగ్ ఆర్టిస్టు ఆమె. స్టూడియోలో అందరూ ఏడుపులక్క అంటారు. ఎంతటి ఏడుపైనా రెండో టేకు అవసరం లేకుండా ఏడ్చి, ఇంటికి పోయి వంట చేసుకునే మనిషి. అలాంటిది ఈరోజు ఒక్క డైలాగు దగ్గర మొండికేసింది. గొంతు పట్టేసిందేమో అనుకున్నాడు.

"వేడినీళ్లు తెప్పించనా అమ్మా?"

"నా గొంతు బాగానే ఉంది. మీ డైలాగే బాలేదు."

సినిమా నిజంగా జరిగిన కథ. పదకొండేళ్ల కిందట ఒక మందుల కొట్టువాడు గడువు తీరిన ఇంజెక్షన్ సీసాల మీద తేదీలు చెరిపి, కొత్త తేదీలు కొట్టి అమ్మాడు. ఐదేళ్ల బాబు చనిపోయాడు. కొట్టువాడికి యావజ్జీవం పడింది. సినిమాలో మాత్రం వాడే హీరో. వాడికి రెండు పాటలు, ఒక ఫైటు, ఆపరేషన్ కావలసిన చెల్లెలు. చివర్లో బాబు తల్లి జైలుకొచ్చి, ఊచల సందులోంచి వాడి తల నిమిరి, "నిన్ను క్షమించాను నాయనా, నువ్వూ నా కొడుకులాంటివాడివే" అంటుంది. ఐదు సెకన్ల మాట.

"అసలు వాడికి చెల్లెలే లేదు," అంది ఆమె.

"సినిమాకి కావాలి కదమ్మా. ఊరికే ఆశపడి చేశాడంటే హాలుకి ఎవరొస్తారు?"

"ఊరికే ఆశపడే చేశాడు. ఇంకోటి. తేదీల్ని బ్లేడుతో గీకించారు మీరు. అలా గీకితే లేబులు చిరిగి ఊరుకుంటుంది. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడుస్తారు. వారం దాకా వేళ్లకి ఆ వాసన వదలదు."

డైరెక్టరు సౌండు ఇంజినీరు వైపు చూశాడు. ఇంజినీరు తన మీటల వైపు చూసుకున్నాడు.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకమ్మా? రాసింది రచయిత, తీసింది నేను. ఇంత చెప్పేవారు మొదటి రోజే చెప్పాల్సింది."

"సీను సీనుకీ కాగితం ఇస్తారు మీరు. ఈ కాగితం ఈరోజే ఇచ్చారు."

"సరే, వినండి. చూసేవాడు హీరోని క్షమించాలంటే ముందు తెర మీద ఎవరో ఒకరు క్షమించాలి. అంతే."

"వాడి కోసం ఏడవడానికి వాడి వాళ్లున్నారు. బిడ్డ పోయిన తల్లి చేత ఆ చాకిరీ ఎందుకు చేయిస్తారు? ఆ తల్లి ఏ రోజూ క్షమించలేదు. ఒక్కసారైనా కలిశారా?"

"వెతికాం. ఊరొదిలి వెళ్లిపోయిందన్నారు."

"దొరకలేదని ఆ నోట్లో మీ మాట కుక్కేశారన్నమాట. వాడు తేదీ మార్చి అమ్మాడు. మీరు తల్లి మనసు మార్చి అమ్ముతున్నారు. వాణ్ణి జైల్లో పెట్టారు. మీకు చప్పట్లు కొడతారు."

డైరెక్టరు ముఖం ఎర్రబడింది. "నేను ఇంకొకరి చేత చెప్పించుకోగలను."

"చెప్పించుకోండి. సినిమా మొత్తం ఆ తల్లికి నా గొంతే ఉంది. మొదటి నుంచీ మళ్లీ మొదలుపెట్టండి. శుక్రవారం విడుదల అంటున్నారు." ఆమె గోడ గడియారం చూసింది. "తొందరగా తేల్చండి. నాలుగింటికి నేనొక చోట ఉండాలి."

ఆ ధీమాకి డైరెక్టరు తగ్గాడు. "ఆ కేసు సంగతి మీకంత బాగా ఎలా తెలుసు?"

"ఒక్క వాయిదా తప్పలేదు. బోనెక్కి చూసింది చూసినట్టు చెప్పాను. జడ్జిగారు శిక్ష చదువుతుంటే అందరూ నా వైపే చూశారు. నేను ఏడవలేదు."

ఇంజినీరు కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. డైరెక్టరు లేచి, అద్దం తలుపు తోసుకుని ఆమె గదిలోకి వచ్చాడు. అప్పటిదాకా కాలు మీద కాలేసుకున్న మనిషికి ఇప్పుడు చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"అమ్మా... నాకు తెలీదు. ముందే తెలిసుంటే మీ చేత... నన్ను క్షమించండి."

ఆమె మంచినీళ్ల సీసా మూత బిగించి సంచిలో పెట్టుకుంది.

"నన్ను అడక్కండి. సీను మార్చండి. ఆ షాటులో కనపడేది తల్లి వీపే. పెదవులు కలపాల్సిన పని లేదు. ఆ తల్లి కోర్టులో వాడితో అన్న మాట ఒకటుంది. ఐదు సెకన్లలో పడుతుంది. అది చెప్తాను. తల నిమిరే ముక్క కోసెయ్యండి."

"కోసేస్తాను."

ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. ఎర్రలైటు వెలిగింది. తెర మీద తల్లి వీపు, ఊచల వెనక హీరో ముఖం. ఆమె ఆ ముఖాన్ని సూటిగా చూసింది.

"నువ్వు బతకాలి. రోజూ నా బిడ్డని తలుచుకుంటూ బతకాలి."

గొంతు వణకలేదు. ఒకటే టేకు. ఇంజినీరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. డైరెక్టరు గుమ్మం దాకా వచ్చి చేతులు జోడించాడు. ఆమె అది చూసే తీరికలో లేదు. బస్సు తప్పిపోతుందని గబగబా మెట్లు దిగిపోయింది.

నాలుగింటికి ఐదు నిమిషాలుండగా జైలు గేటు దగ్గర రిజిస్టరు ముందుకు లాక్కుని, ఆ మందుల కొట్టువాడి నంబరు వేసి, 'ఖైదీకి మీరేమవుతారు' అన్న గడిలో ఎప్పట్లాగే 'తల్లి' అని రాసింది.