అసలు సరుకు

“ఇది నకిలీదే కదండీ?”

బల్ల మీద పెట్టిన మూట విప్పకముందే అడిగింది ఆమె.

ముసలాయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని చూశాడు. కెమెరాలు, బైనాక్యులర్లు, అద్దం ఉన్న వస్తువు ఏది చెడినా బాగుచేసే దుకాణం అది. వచ్చినవాళ్ళంతా ‘అసలుదే కదండీ’ అని అడుగుతారు. ఇలా అడిగిన మనిషిని ఆయన ఇదే చూడటం.

“చూడకుండా చెప్పడానికి సోదె చెప్పేవాణ్ణా నేను? విప్పండమ్మా.”

మూలన బాతు బొమ్మ కుట్టిన చిన్న తువాలులోంచి నల్లటి బైనాక్యులర్ బయటికి వచ్చింది. అదే దుకాణంలో ఓ పక్కన కూర్చుని గడియారాలు బాగుచేసే ఆయన కూడా పని ఆపి మెడ చాచాడు.

“పాప తువాలా? ఏం చదువుతోంది?” అన్నాడు ముసలాయన, బైనాక్యులర్ బరువు చేత్తో చూస్తూ.

“రెండో తరగతి,” అంది ఆమె. ఇంకేదో చెప్పబోయి ఆగిపోయింది. “దాని మీద పేరు చూసి మోసపోకండి. పేరు ఎవరైనా వేసుకోవచ్చు కదా.”

“పేరు నేను చూడనే చూడను.” ఆయన ముందువైపు అద్దాలను కిటికీకేసి వంచాడు. బయట మబ్బు పట్టి ఉంది. “చవక సరుకైతే ఎర్రగా తళతళలాడుతుంది. ఇది చూడండి. పచ్చా ఊదా కలిసి, ఉందా లేదా అన్నట్టుంది పూత.”

చెయ్యి చాచి దూరంగా పట్టుకున్నాడు. కళ్ళు పెట్టుకునే చోట రెండు తెల్లటి వెలుగు చుక్కలు నిలిచాయి.

“చవకవాటిలో ఈ చుక్కల అంచులు తెగినట్టుంటాయి. ఇవి నిండు గుండ్రం.”

“రబ్బరు అరిగిపోయింది. అసలుదైతే అరుగుతుందా?”

“వాడితే ఏదైనా అరుగుతుందమ్మా. ఎవరిది?”

“మావారిది. ఆదివారాలు చెరువు గట్టున కూర్చుని పక్షుల్ని చూసేవారు. కొన్న కొత్తలో దీన్ని తెగ మెచ్చుకునేవారు. ఏడాది నుంచి, నకిలీ సరుకు అంటగట్టారు, ఇందులో ఏమీ కనబడి చావదు అంటున్నారు.”

గడియారాలాయన కిసుక్కున నవ్వాడు. “అయితే ఆయన దాచిన ధర బయటపడే రోజు దగ్గరికొచ్చిందన్నమాట. నా సైకిలు ఎవరో ఊరికే ఇచ్చారని మా ఆవిడ ఇప్పటికీ నమ్ముతోంది.”

ఆమె నవ్వలేదు. ముసలాయన నోటివైపే చూస్తోంది.

“నకిలీదైతే ఇక్కడే వదిలేసి వెళ్తానండీ. డబ్బేమీ వద్దు. మళ్ళీ ఇంటికి తీసుకెళ్ళను.”

“అసలుదైతే?”

ఆమె తువాలు అంచుని వేలికి చుట్టుకుంది.

ముసలాయన భూతద్దం పెట్టి మడత కీలు కింద వెతికాడు. ఈ పేరుతో సరుకు రెండు చోట్ల తయారవుతుంది. ఒకటి కూలి చవగ్గా దొరికే చోట. రెండోది కంపెనీ పుట్టిన ఊళ్ళో, పాత కార్ఖానాలో. అక్కడివాటికే అంకెలు లోతుగా చెక్కుతారు. ఆయన గోరుతో తడిమాడు. గోరు దిగింది.

పాత కార్ఖానా సరుకే. దుకాణంలో ఉన్నదంతా ఊడ్చి అమ్మినా ఇంత రాదు. ఫోన్లలోనే ఫొటోలు వచ్చాక ఈ గుమ్మం తొక్కేవాళ్ళే తగ్గిపోయారు. ఈ నెలాఖరుకి తలుపులు మూసేద్దామా అని మొన్ననే అనుకున్నాడు.

బల్ల కింద గడియారాలాయన కాలు తగిలింది. “ఒక్క మాట అనెయ్యండి,” అని గొణిగాడు. “ఆవిడకీ అదే కావాలి. మీకూ అదే కావాలి. మధ్యలో ఎవరికి నష్టం?”

ముసలాయన పైకి వినిపించుకోనట్టే లేచి గుమ్మంలోకి నడిచాడు. వీధి చివర నీళ్ళ ట్యాంకు మీద ఒకతను రంగు వేస్తున్నాడు. బైనాక్యులర్ ఎత్తి చూశాడు. మబ్బులో కూడా అతని చొక్కా గుండీలు కనిపించాయి. దించి, మళ్ళీ ఎత్తాడు. వస్తువు మీద ఆశో, తన మీద అసహ్యమో ఆయనకే తెలియలేదు.

ఆమె వెనకే వచ్చి నిలబడింది. “మనిషి తెలుస్తున్నాడా?”

“మనిషేమిటమ్మా, మొహమే తెలుస్తోంది. నోరు తెరిచి కింద ఎవరినో పిలుస్తున్నాడు. మీరూ చూడండి.”

ఆమె చూసింది. చాలాసేపు చూసింది.

“ఎండ నీళ్ళ మీద మెరుస్తుంటే కనబడదేమో కదండీ?” అంది, కళ్ళ దగ్గర నుంచి దాన్ని తియ్యకుండానే.

కనబడదు అంటే చాలు. వస్తువు తనదే.

“ఆ పూత వేసేదే అందుకమ్మా. మెరుపులోనూ కనబడుతుంది. ఇది అసలు సరుకు. ఇంతకంటే మంచిది నా చేతిలోకి రాలేదు. ఎవరైనా నకిలీదని అంటే, మీ దగ్గర కొట్టేయడానికే.”

లోపల గడియారాలాయన నిట్టూర్చాడు. ముసలాయనకి మాత్రం తల మీద నుంచి బరువు దింపినట్టుంది. మూసేస్తే మూసేశాం, మనసుకి మచ్చ లేదు అనుకున్నాడు.

ఆమె తిరిగి బల్ల దగ్గరికి వచ్చి బైనాక్యులర్‌ని తువాలులో చుట్టబోయింది. అంచులు చేతిలోంచి జారిపోతున్నాయి. బాతు బొమ్మ పైకి వచ్చేలా మళ్ళీ విప్పి, మళ్ళీ చుట్టింది.

“మంచి మాటే కదమ్మా చెప్పాను, అలా అయిపోయారేం?” అన్నాడు ముసలాయన. “మీరు కోప్పడతారని ధర దాచడానికే ఆయన అలా అని ఉంటారు. పోనిద్దురూ, అదీ ఒక అబద్ధమేనా?”

గుమ్మం దాకా వెళ్ళి ఆమె ఆగింది.

“పాప మునిగిపోతుంటే ఇందులో కనబడలేదన్నారండీ.”