మళ్ళీ ఆగిపోయింది

"మళ్ళీ ఆగిపోయిందిరా," అన్నాడు క్యాలో ఫోన్‌లో.

ముటిండా తింటున్న చపాతీ పక్కన పెట్టాడు. ఈ వారంలో ఇది మూడోసారి.

ఇద్దరూ మచాకోస్ ఊళ్ళో ఒకే బెంచీ మీద చదువుకున్నారు. క్యాలో కంప్యూటర్‌ని ముటిండాయే విడి భాగాలు కొని, తన చేతులతో బిగించి ఇచ్చాడు. ప్రాసెసర్‌ని కంపెనీ చెప్పిన వేగం కంటే పైకి లాగి నడిపించడం అతనికి వచ్చిన విద్య. అలా లాగితే వేడెక్కి హఠాత్తుగా ఆగిపోయే కంప్యూటర్లు నైరోబీలో బోలెడు. ముటిండా బిగించినవి ఆగవని పేరు.

ఆ పేరుకే ఇప్పుడు ముప్పు వచ్చింది. నెల రోజుల్లో సొంతంగా తయారు చేసుకున్న కంప్యూటర్ల పోటీ ఉంది. గెలిచినవాళ్ళకి ఒక కాలేజీ ల్యాబ్‌లో ఉద్యోగం. దానికోసం ముటిండా మూడేళ్ళుగా తన సొంత కంప్యూటర్‌ని సిద్ధం చేసుకుంటున్నాడు. క్యాలో కూడా సరదాకి పేరిచ్చాడు. అతని కంప్యూటర్ అందరి ముందూ ఆగిపోతే, బిగించిందెవరో అందరికీ తెలుసు.

ముటిండా మటాటు వ్యాన్ ఎక్కి స్నేహితుడి ఇంటికి వెళ్ళాడు. వేగం కాస్త తగ్గించాడు. ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్టు తుడిచి కొత్తది రాశాడు. గోడ ప్లగ్గు కూడా మార్చి చూశాడు. బరువైన పని అప్పజెప్పి మూడు గంటలు ఎదురుగా కూర్చున్నాడు. అది ఆగలేదు.

"నిన్ను చూస్తే దానికి హెడ్మాస్టర్ని చూసినట్టుంది. నువ్వున్నంతసేపూ బుద్ధిగా ఉంటుంది," అని నవ్వుతూ క్యాలో టీ అందించాడు.

ముటిండా ఇల్లు చేరకముందే ఫోన్ మోగింది. మళ్ళీ ఆగిపోయిందట.

ఈ జబ్బుకి ఒకటే వైద్యం. అనుమానమున్న భాగాన్ని తీసేసి, బాగుందని తెలిసిన భాగం పెట్టి చూడాలి. బాగున్నాయని ముటిండాకి కచ్చితంగా తెలిసిన భాగాలు తన కంప్యూటర్‌లోనే ఉన్నాయి.

ముందు తన పవర్ సప్లై తీసుకెళ్ళి బిగించాడు. రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు ఫోన్ వచ్చింది. తర్వాత తన మెమరీ పెట్టాడు. మళ్ళీ ఫోన్. కూలర్ మార్చాడు, మదర్‌బోర్డు మార్చాడు. పెట్టినవి పోటీ అయ్యేదాకా అక్కడే ఉండనిమ్మన్నాడు. తీసినవన్నీ ఒక అట్టపెట్టెలో వేసి ఇంటికి తెచ్చుకున్నాడు.

ఒకటి మారిస్తే ఇంకోటి చెడుతోంది. అంటే అన్నీ చెడ్డవేనన్నమాట. అన్నీ ఒక్కచోటే కొన్నాడు, ముసలి గచాంజా కొట్లో.

స్క్రూడ్రైవర్ ఎలా పట్టుకోవాలో నేర్పింది ఆ ముసలాయనే. కొత్తవే బాబూ అని నమ్మకంగా చేతిలో పెట్టిందీ ఆయనే. ముటిండా నేరుగా కొట్టుకి వెళ్ళి, నలుగురి ముందూ నిలదీశాడు.

"పాత సరుక్కి కొత్త డబ్బాలు తొడిగావు పెద్దాయనా. అమ్మడానికి నీకు నేనే దొరికానా? నిన్ను మా నాన్నలా అనుకున్నాను."

కొనడానికి వచ్చిన ఇద్దరు చేతిలోవి కౌంటర్ మీద పెట్టేసి వెళ్ళిపోయారు. గచాంజా కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు.

"ఏది చెడిందో పట్రా బాబూ," అన్నాడు. "నా కౌంటర్ మీద, నా కళ్ళ ముందు అది ఆగాలి. ఆగితే ఈ కొట్టు మూసేస్తాను."

ముటిండా వెనక్కి తిరిగి వచ్చేశాడు. పోటీకి ముందురోజు కూడా ఫోన్ రావడంతో, ఆఖరికి తన ప్రాసెసర్ కూడా తీసుకెళ్ళి బిగించాడు. ఇంట్లో బల్ల మీద తన కంప్యూటర్ డొల్లపెట్టె మిగిలింది. పోటీలోంచి తన పేరు తీసేయించుకున్నాడు.

"నాకోసం సొంత అన్న కూడా ఇంత చేసి ఉండడురా," అన్నాడు క్యాలో, కళ్ళొత్తుకుంటూ.

శనివారం క్యాలో గెలిచాడు. ఆ సంగతి చెప్పడానికి మొదటి ఫోన్ ముటిండాకే చేశాడు.

"ఒక్కసారి కూడా ఆగలేదురా. అంతా నీ చేతి చలవే."

ముటిండా నిజంగానే సంతోషించాడు. కానీ ఆ ముసలాయన మోసం చేయకపోతే ఆ వేదిక మీద తానే ఉండేవాడు. ఆ మాట రెండు రోజులు అతన్ని తిననివ్వలేదు.

సోమవారం పొద్దున్నే అట్టపెట్టె చంకన పెట్టుకుని గచాంజా కొట్టుకి వెళ్ళాడు. క్యాలో కంప్యూటర్‌లోంచి తీసిన భాగాలన్నీ కౌంటర్ మీద పరిచి, ఒకదానికొకటి తగిలించాడు. పవర్ సప్లై, మెమరీ, కూలర్, మదర్‌బోర్డు, ప్రాసెసర్. వేగం మొదటిరోజు పెట్టినంతే పెట్టాడు. బరువైన పని అప్పజెప్పాడు. పక్క కొట్ల వాళ్ళు వచ్చి చుట్టూ నిలబడ్డారు.

"చూస్తూ ఉండండి, ఆగిపోతుంది," అన్నాడు.

గచాంజా అతని వైపు ఒక స్టూలు జరిపి, రెండు టీలు చెప్పాడు.

గురువారం సాయంత్రం కూడా వాళ్ళిద్దరూ ఆ కౌంటర్ ముందే కూర్చుని ఉన్నారు. అది మాత్రం ఒక్కసారి కూడా ఆగలేదు.