ఇరవై ఏడో నంబరు జెర్సీ

ముసలాడి వణికే చేతిలోంచి కప్పు జారి, కమిటీ బల్ల మీద పరిచిన ఇరవై ఏడో నంబరు జెర్సీ మీద కాఫీ ఒలికింది.

“కళ్లు కనబడటం లేదా?” రాల్ఫ్ దుదెక్ జెర్సీ లాక్కున్నాడు. “యాభై ఏళ్ల నాటిది. ఒక్క మరక పడకుండా దాచాం!”

వాకిట్లో చలికి వణుకుతున్నాడని ఆ ముసలాణ్ణి లోపలికి పిలిచి కాఫీ ఇచ్చింది కమిటీలోని లొరేన్. అతనెవరో అక్కడ ఎవరికీ తెలియదు.

పెన్సిల్వేనియాలో ఉక్కు ఫ్యాక్టరీ మూతబడ్డ ఊరది. బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే హైస్కూలు జట్టు తప్ప చెప్పుకోడానికి మిగిలిందేమీ లేదు. ఇకపై ఎవరూ తొడక్కుండా ఏ ఆటగాడి నంబరును అద్దాల పెట్టెలో పెట్టాలో కమిటీ ఆ రోజే తేల్చాలి.

“మా ఫ్రాంక్‌ది పెడితే?” అంది లొరేన్.

“మీ బావనా?” అన్నాడు రాల్ఫ్.

“బావైతే మాత్రం? కాలేజీ జట్టులో ఆడాడు.”

“ఇక్కడేం గెలిపించాడు? అర్హుడంటే లెన్ పటాకీ. యాభై ఏళ్ల కిందటి ఆ ఫైనల్ మా నాన్న భుజాలెక్కి చూశాను. రెండో సగమంతా ఇద్దరేసి మీదపడి కుమ్మేశారు. అయినా చంకలో బంతి వదిలాడా ఇరవై ఏడు!”

“ముగ్గురు,” అన్నాడు ముసలాడు. మాట ముద్దగా వచ్చింది.

“నువ్వు చూశావా?”

“లేదు. కళ్లనిండా బురద.”

అందరూ ఘొల్లుమన్నారు.

“అయితే నువ్వూ ఆడావన్నమాట! నీ నంబరెంత పెద్దాయనా?”

“ఎనభై ఒకటి.”

“ఆడే వంతు రాక బెంచీ అరగదీసిన నంబరు కదయ్యా అది!”

ముసలాడూ నవ్వాడు. తర్వాత జెర్సీ వైపు చెయ్యి చాచాడు.

“పెట్టెలో పెట్టేముందు... ఒక్కసారి తొడుక్కుని ఇచ్చేస్తాను.”

“పొద్దున్నే పట్టించి వచ్చినట్టున్నావు. నడు!” రాల్ఫ్ రెక్క పట్టుకుని బయటికి పంపేశాడు.

తిరిగొచ్చి కమిటీని చేతులెత్తమన్నాడు. ఇరవై ఏడు ఖాయమైంది.

శనివారం మధ్యాహ్నం, లెన్‌కి సన్మానం వేళకి, మంచూ వానా కలిసి కురుస్తున్నాయి. స్టేడియం గేటు దగ్గర మళ్లీ అతనే.

“లెన్‌తో చెప్పండి. వెర్న్ వచ్చాడని.”

“ఇవాళ ఊళ్లో ప్రతివాడూ లెన్‌కి చుట్టమే,” అన్నాడు రాల్ఫ్. “తాగినవాళ్లకి లోపల చోటులేదు. పో.”

అతను పోలేదు. గేటు బయట గోడకి చేరగిలబడి తడుస్తూ కూర్చున్నాడు. రాల్ఫ్ చూశాడు. చూసి, బ్యాండువాళ్లని వరసలో నిలబెట్టే పనిలో పడ్డాడు.

లెన్ పటాకీ చేతికర్రతో కుంటుతూ మైదానంలోకి వచ్చాడు. జెర్సీ ఇస్తే అందుకున్నాడు. మైకు ముందు నోరు పెగల్లేదు. ఊరు దాన్ని వినయమనుకుని ఇంకాస్త గట్టిగా చప్పట్లు కొట్టింది.

అంతలో గేటు కాపలావాడు పరిగెత్తుకొచ్చాడు.

“రాల్ఫ్, ఆ తాగుబోతు... వెర్న్ అన్నాడే... ఊపిరాడటం లేదు. పోయినట్టున్నాడు.”

ఆ పేరు వినగానే లెన్ అందరినీ తోసుకుంటూ గేటు దాకా వెళ్లాడు. బురదలో కూలబడి, చేతిలోని జెర్సీని ఆ మనిషి మీద కప్పాడు.

“అయ్యో, మరకలవుతాయి!” అన్నాడు రాల్ఫ్.

లెన్ తలెత్తలేదు. “వీడు తాగుబోతు కాదు. తలకి తగిలిన దెబ్బలకి మాటా చెయ్యీ అలా అయిపోయాయి. ఆ ఫైనల్లో.”

“బెంచీ మీద కూర్చున్నవాడికి దెబ్బలేంటి లెన్?”

“సగం ఆటకే నా మోకాలు పోయింది. ఇరవై ఏడు కనబడకపోతే అవతలివాళ్లు మనల్ని నమిలేస్తారన్నాడు కోచ్. హెల్మెట్ కింద మొహం ఎవడు చూస్తాడు, అందరూ చూసేది నంబరే కదా అన్నాడు. ఎవరికీ చెప్పబోమని ఇద్దరి చేతా ఒట్టు వేయించుకున్నాడు.”

లెన్ జెర్సీ అంచుని ఆ గడ్డం దాకా లాగాడు.

“ఆ రెండో సగమంతా బెంచీ మీద కూర్చుంది నేను రాల్ఫ్, వీడి ఎనభై ఒకటి తొడుక్కుని.”