మాస్టారి మెడ

డ్రైవింగ్ మాస్టారి మెడ నిక్షేపంగా ఉందని డేగకు తెలుసు. లేనిదల్లా రుజువే.

ఇన్సూరెన్స్ కంపెనీలో దొంగ క్లెయిములు పట్టే ఉద్యోగం డేగది. ఆ పేరు ఆయన తనకు తానే పెట్టుకున్నాడు. ఇంట్లో భార్య పిలిచే పేరు వేరు, అది ఇక్కడ అనవసరం. ఆయన పనిముట్లు ఒక ఫోను, బోలెడంత ఓపిక. నడుం పడిపోయిందన్నావిడ పెళ్ళిలో వేసిన చిందులు ఆవిడ పేజీలోనే దొరికాయి. కాలు విరిగిందన్నాయన షటిల్ కప్పు పట్టుకుని ఫొటో పెట్టుకున్నాడు. "జనం తమ గొయ్యి తామే తవ్వుకుంటారు. మనం వెళ్ళి తొంగి చూడటమే" అనేవాడు డేగ.

మాస్టారు మాత్రం కొరకరాని కొయ్య అయ్యాడు. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న ఆయన కారును వెనక నుంచి ఇంకో కారు గుద్దింది. మెడ పట్టేసింది, వెనక్కి చూడలేనివాడు రివర్స్ ఎలా నేర్పుతాడు, బతుకుతెరువు పోయింది, పరిహారం ఇప్పించండి అని కేసు వేశాడు. ఆనాటి నుంచి ఆయన పేజీలో ఒక్క పోస్టు లేదు. ఫొటో లేదు, లైకు లేదు, ఎవరికీ పుట్టినరోజు శుభాకాంక్షలైనా లేవు.

"అంత జాగ్రత్తగా ఉన్నాడంటేనే దొంగ అని అర్థం" అన్నాడు డేగ మేనేజరుతో.

"అర్థాలు కోర్టులో చెల్లవు. ఈ కేసు పోయిందంటే మీరు రికార్డు గదిలో బొద్దింకల మీద నిఘా వేసుకోవాల్సిందే."

డేగకు నిజంగానే భయం వేసింది. ఇన్నేళ్ళుగా సంపాదించుకున్న పేరు ఒక్క మెడ దగ్గర పోతే ఆయన తట్టుకోలేడు. వెంటనే మాస్టారి ఇంటి ముందు కారాపి కాపలా మొదలుపెట్టాడు.

కాపలా అంటే విసుగు. ఆ విసుగు పోగొట్టుకోవడానికి డేగకూ ఒక పేజీ ఉంది, 'డేగ కన్ను' అని. స్టీరింగ్ ముందు టీ కప్పు పెట్టి ఫొటో తీసి, 'ఈ రోజు ఒక మెడ వెంట' అని రాసేవాడు. పేర్లు రాయను కాబట్టి తప్పేం లేదనుకునేవాడు.

"ఊళ్ళోవాళ్ళకి చెప్పే నీతులు మీకు వర్తించవా?" అంది భార్య.

"నా పేజీ చూసేదెవరే? మీ పుట్టింటివాళ్ళూ, ఆ చిట్టి చెల్లెలూను."

'చిట్టి చెల్లెలు' అన్న పేరుతో ఉన్న ఆ అభిమాని, డేగ పోస్టు పెట్టీ పెట్టకముందే లైకు కొట్టేది. రోజూ సాయంత్రం ఒకటే అడిగేది: 'రేపు డ్యూటీ ఎక్కడ, అన్నయ్యా?' సొంత చెల్లెలు ఏనాడూ అడగని ఆ ప్రశ్నకు డేగ కరిగిపోయి, పార్కు దగ్గరనో ఇంటి ముందే అనో జవాబు రాసేవాడు.

ఓ సాయంత్రం 'రేపు హోటల్లో పళ్ళాల మోత వినబోతున్నారు' అని రాశాడు. మర్నాడు మాస్టారు కాఫీ తాగుతుండగా, సర్వరు చేత ఆయన వెనకే స్టీలు పళ్ళాల దొంతర పడేయించాడు. హోటలంతా ఉలిక్కిపడి తల తిప్పింది. మాస్టారు కప్పు కింద పెట్టి, నెమ్మదిగా లేచి, మెడకున్న పట్టీతో సహా మనిషి మొత్తం తిరిగి, "ఎవరికీ దెబ్బ తగల్లేదు కదా, బాబూ?" అని అడిగాడు.

ఆ రోజు చెల్లెలు, 'నిజం చెప్పన్నయ్యా, ఆయన్ని చూస్తే నీకేమనిపిస్తోంది?' అంది. నీరసంగా ఉన్న డేగ, 'ఏమోనమ్మా. ఇన్ని వారాల్లో ఒక్కసారి కూడా మెడ తిప్పలేదు. పాపం, నిజంగానే పట్టేసిందేమో' అని రాసి పడుకున్నాడు.

విచారణ రోజు మాస్టారి తరఫు లాయరమ్మ డేగను బోనెక్కించింది.

"'డేగ కన్ను' పేజీ మీదేనా?"

"నాదేనండీ. సరదాకి."

"మెడ నిజంగానే పట్టేసిందేమో అన్న ఈ ముక్క కూడా సరదాకే రాశారా? కంపెనీ జీతం తీసుకుంటున్న మనిషే మా క్లయింటు ఒక్కసారి కూడా మెడ తిప్పలేదని రాశాడు. ఇంతకన్నా గట్టి సాక్షి మాకెక్కడ దొరుకుతాడు?"

జడ్జిగారు నవ్వు ఆపుకోవడానికి దగ్గారు. పరిహారం మంజూరైంది. పోస్టులు సరిచూడటానికి తీసుకున్న ఫోనును కోర్టువారు ఇంకా తమ దగ్గరే ఉంచుకున్నారు. మేనేజరు రికార్డు గది ఏ అంతస్తులో ఉందో చెప్పి వెళ్ళిపోయాడు.

డేగ ఉసూరుమంటూ కార్లు నిలిపే చోటికి వచ్చాడు. ఇరుకులోంచి ఒక కారు వెనక్కి వస్తోంది. స్టీరింగ్ దగ్గర మాస్టారు. మెడపట్టీ వెనక సీట్లో పడి ఉంది. పక్క సీటు మీద చెయ్యి వేసి, మెడ పూర్తిగా వెనక్కి తిప్పి, శిష్యులకు చూపించినంత తీరుగా రివర్స్ తీస్తున్నాడు. డేగ చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. జేబు ఖాళీ.

కారు వచ్చి ఆయన పక్కనే ఆగింది. అద్దం దిగింది. మాస్టారు మెడ ఇటు తిప్పి, ఎంతో ఆప్యాయంగా అడిగాడు:

"రేపు డ్యూటీ ఎక్కడ, అన్నయ్యా?"