ఫారంలో నింపిన మాట

ఢిల్లీ కంటోన్మెంటు

అక్కా, నావి కోడిగీతలు, తప్పులుంటే మన్నించు.

నర్సు చదువుకు ఎనిమిదో తరగతి చాలని విని, మావారికి చెప్పకుండా ఇక్కడి నర్సుల స్కూలుకు వెళ్లాను. గుమాస్తా నా పుస్తెలు చూసి, "బెహన్‌జీ, పెళ్లికానివాళ్లకూ విధవలకూ మాత్రమే సీటు. ఇంటికెళ్లి రొట్టెలు చేసుకో" అన్నాడు.

అయినా ఫారం తెచ్చుకుని, విధవనని రాసి పోస్టు చేశాను.

వారం తిరక్కుండా ఆయన పటాలాన్ని సరిహద్దుకు పంపారు. యుద్ధం మొదలై పది రోజులైంది. ఆయన దగ్గర్నుంచి ఉత్తరం లేదు.

నిన్న స్కూలువాళ్ల ఉత్తరం వచ్చింది. సీటు ఇచ్చారు. నెలాఖరులోగా భర్త చనిపోయినట్టు కాగితం చూపించాలట.

ఇప్పుడు ఇక్కడి పటాలం ఆఫీసులో ఉండిపోయిన సుబేదారుగారూ, వాళ్లావిడా మా గేటు తెరిచి లోపలికి వస్తున్నారు. ఇద్దరూ కలిసి మా ఇంటికి ఎప్పుడూ రాలేదు.

నేను రాసిన మాట ఎవరికీ తెలియకూడదు. చదివి కాల్చెయ్యి.